బోటుకు కట్టిన రెక్కలు

ఎనభై మూడులో వానలు దండిగా పడ్డాయి. చుట్టుపక్కల చెరువులన్నీ నిండి మత్తడి దూకుతున్న ఆ భాద్రపదంలో ఒక పొద్దున, కొత్తవాడలో మా గుమ్మం ముందు జీపు ఆపి, ఒక పెద్దింటి అబ్బాయి తన పడవ గోడు చెప్పుకున్నాడు. దాన్ని గోడు అనే అనాలి. పిల్లకు జ్వరం తగ్గడం లేదని చెప్పే తండ్రి కూడా అంత దిగాలుగా చెప్పడు.

ఆయన పేరు రాజేశ్వర్ రావు. పత్తి జిన్నింగు మిల్లు ఉన్నవాళ్ళు. బొంబాయిలో చదువుకున్న రోజుల్లో, పరుగెత్తే మోటారు బోటు వెనక పలక మీద నిలబడి నీళ్ళ మీద జారే ఆట నేర్చుకున్నాడట. చదువు వదిలినా ఆ ఆట వదల్లేదు. అక్కడే ఒక పాత బోటు కొని, లారీ మీద ఎక్కించి తెచ్చి, మడికొండ అవతలి పెద్ద చెరువులో వేశాడు. వేశాక మొదలైంది తంటా.

"ముక్కు లేస్తాంది వెంకటరాజం. ఇంజన్ గుంజంగనే ఎన్క భాగం మునుగుతాంది, ముందటిది ఆకాశం జూస్తాంది. నడిపేటోనికి ఏం కనబడ్తలేదు. బొంబాయిల ఎన్క రెండు రేకులు పెడ్తరు. బటన్ నొక్కితే అవ్వే దిగుతయ్, అవ్వే లేస్తయ్. ఈడ గా పని ఎవలకు తెల్వది. నువ్వైతే చేస్తవని మా మొండయ్య చెప్పిండు."

మొండయ్య ఆయన జీపు నడుపుతాడు, ఆ బోటూ అతనే నడుపుతాడు. మా వాడకట్టు మనిషే.

మా ఆయన వెంకటరాజం వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మరమగ్గాల షెడ్డులో మగ్గాలు బాగుచేసే జాబరు ఆయన. మగ్గం ఎక్కడ మొరాయించినా చెవి ఆనించి జబ్బు చెప్పేవాడు. షెడ్డు మూతపడి మగ్గాలను పాతసామాన్లవాళ్ళకు తూకానికి అమ్మేశాక, ఆ గోడే ఆయన చోటైంది. తాగడు, తిట్టడు, కొట్టడు. ఒక్క మాట మాట్లాడడు. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. మా అత్త కట్టమ్మ కంచం తెచ్చి కొడుకు ముందు పెట్టి, తిన్నాడా లేదా అని తలుపు చాటు నుంచి చూసేది. పక్కింటివాళ్ళు పలకరిస్తే "మావోనికి వొంట్లో నలతగ ఉన్నది" అని చెప్పుకొచ్చేది. ఏడాదిగా నలత ఏమిటని ఎవరూ అడగలేదు, పాపం.

రాజేశ్వర్ రావు చెప్పడం ముగించి నిలబడ్డాడు. పని చెప్పను వచ్చి తిరిగిపోయిన మిగతావాళ్ళలాగే ఈయన కూడా ఇక పోతాడు అని మనసులో అనుకున్నాను. అంతలో మా ఆయన లేచాడు.

"సుగుణా, చేట తే."

ఆ ఇంట్లో ఆయన గొంతు విని ఎంత కాలమైందో. నేను బియ్యం చెరుగుతున్న చేటను అట్లాగే కుమ్మరించి ఇచ్చాను. ఆయన దాన్ని తొట్టి నీళ్ళ మీద పెట్టి, వెనక భాగాన వేలితో అదిమి ముందుకు తోశాడు. ముక్కు పైకి లేచింది. తర్వాత డబ్బా రేకు ముక్క ఒకటి కత్తిరించి, చేట వెనక అంచుకు కిందికి వాలేటట్టు గుచ్చి మళ్ళీ తోశాడు. ముక్కు దిగింది. "గంతే గదా సార్" అన్నాడు.

లోపల మా అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "పొగే, పొయ్యి పొగ" అంది నన్ను చూసి. పొయ్యి అప్పటికి వెలిగించనే లేదు.

ఆ రోజు నుంచి మా వాకిలి వాకిలి కాలేదు. మందపాటి స్టీలు రేకులు వచ్చాయి. పాత ఇళ్ళ పెద్ద తలుపులకు ఉండే ఇత్తడి బందులు ఎక్కడెక్కడో వెతికి తెచ్చాడు. ఆ బందుల మీద రేకులు తలుపుల్లా ఆడాలి. వాటిని కిందికి నొక్కి పట్టడానికి, కార్లకు టైరు మార్చేటప్పుడు పెట్టే స్క్రూ జాకీలు రెండు. బటన్ల పని తనకు రాదనీ, జాకీని చక్రంతో చేత్తో తిప్పాలనీ, తిప్పడానికి తనే వెనక కూర్చుంటాననీ రాజేశ్వర్ రావుతో ముందే చెప్పాడు. ఆయన "నువ్వే ఉండాలె వెంకటరాజం, మల్ల నిన్ను వదుల్తనా నేను" అన్నాడు. చేతి చక్రాల కోసం పాతసామాన్ల దుకాణానికి పోయి, తను నడిపించిన మగ్గాల చక్రాలే రెండు పట్టుకొచ్చాడు. వాటిని తుడుస్తూ ఎంతసేపు కూర్చున్నాడో, నేను పలకరించలేదు.

ఆ రేకులకు రెక్కలని పేరు పెట్టింది మా అత్తే. "రెక్కలు అతికినయా బిడ్డా? ఎప్పుడు ఎగురుతది నీ పడవ?" అని రోజూ అడిగేది. "ఎగరొద్దనే పెడ్తాన్ననే, ముక్కు నేల జూడాలె" అని ఆయన విసుక్కునేవాడు. ఆ విసుగు కోసమే ఆమె మళ్ళీ అడిగేది.

మొదట రెండు రెక్కలనూ ఒకే ఇరుసుకు బిగించాడు. ఒక్క చక్రం తిప్పితే రెండూ కలిసి దిగుతాయి, కలిసి లేస్తాయి. మగ్గం అట్లాగే ఉంటుంది. రెండు పక్కలూ ఒక్కటై నడిస్తేనే బట్ట తిన్నగా వస్తుంది. బోటు చెరువులో వేసి నడిపితే, అనుకున్నట్టే ముక్కు దిగింది, మొండయ్యకు దారి కనబడింది. వెనక నీళ్ళు కూడా చదునుగా పరుచుకున్నాయట. నేను సంబరపడ్డాను. రాజేశ్వర్ రావు మాత్రం మరునాడు మళ్ళీ జీపు ఆపాడు.

"మంచిగున్నది గని, నాకు అల కావాలె వెంకటరాజం. రెండు రెక్కలు కిందికుంటె అల సచ్చిపోతాంది. ఒకటి దించి ఒకటి ఎత్తి, జర నిమ్మలంగ పోనిస్తె ఒక పక్క అల లేస్తది. దాని మీద తాడు ఇడిసిపెట్టి జారొచ్చు. ఏ రెక్కకు ఆ రెక్క ఇడిగ తిరిగేటట్టు చెయ్యి."

మా ఆయనకు నచ్చలేదు. "రెండు పక్కలు రెండు తీర్లు నడిస్తె ఏ మిషినన్నా ఆగమైతది సార్" అన్నాడు. రాజేశ్వర్ రావు నవ్వి భుజం తట్టి పోయాడు. ఆ మధ్యాహ్నం మా ఆయన ఇరుసును రంపంతో కోస్తుంటే అత్త చెవులు మూసుకుంది. కోసిన తర్వాత రెండు జాకీలకు రెండు చక్రాలు పెట్టాడు, ఒకటి కుడి చేతికి, ఒకటి ఎడమ చేతికి.

అప్పటి నుంచి రోజూ చెరువుకు పోయేవాడు. అన్నం తింటూ కంచంలో పులుసుతో గీతలు గీసి మాకు చెప్పేవాడు. రెక్క దించితే వెనక లేస్తుంది, అల అణుగుతుంది. రెక్క ఎత్తితే వెనక కూలబడుతుంది, అల లేస్తుంది. బోటు వేగంగా పోయేటప్పుడు కంటే, వేగం తగ్గి నీళ్ళలో కూర్చునేటప్పుడే అల పెద్దది. "గమ్మతి గాదే అమ్మా? మగ్గమైతె నిమ్మలంగ నడిస్తె అదురు తగ్గుతది. నీళ్ళు ఉల్టా." మా అత్తకు ఏమీ అర్థం కాకపోయేది. అయినా కళ్ళు పెద్దవి చేసి వినేది.

ఇబ్బంది ఒక్కటే ఉండేదట. ఇంజను చప్పుడు తగ్గగానే ఆయన చేతులు తమంతట తామే చక్రాలను వదులు తిప్పేవి, రెక్కలు పైకి లేచేవి. మొండయ్య అరిచేవాడట, "ఇంకా ఆపలేదయ్యా!" అని. మా నేత కులంలో అది పుట్టుకతో వచ్చే అలవాటు. మగ్గం ఆపితే పడుగు బిగువు వదలాలి. నిలిచిపోయిన మగ్గం మీద పడుగును బిగువుగా ఉంచితే పోగు నలుగుతుంది. మగ్గం మీద నుంచి లేవబోతూ బిగువు వదలని మనిషిని మా ఇళ్ళలో తిడతారు. ఈ సంగతి చెప్పి ఆయనే నవ్వాడు. నవ్వు అంటే పెదవి కొంచెం వంగింది, అంతే. మేం దానికే పొంగిపోయాం.

సద్దుల బతుకమ్మ వచ్చింది. మా అత్త పుట్టిల్లు మడికొండ. ఎంత వయసొచ్చినా ఆ ఒక్క రోజు ఆమె పుట్టింటి చెరువుకే పోవాలి. రాజేశ్వర్ రావు బోటు వేసిందీ ఆ చెరువులోనే. తంగేడు, గునుగు, చామంతి పేర్చి, మా ఇద్దరి బతుకమ్మలూ అక్కడే చేసుకున్నాం. ఆమెది నా దానికంటే రెండింతలు. "నాకు ఒక మొక్కున్నది, నీకేం తెలుసు" అంది. మొక్కు ఏమిటో అడగక్కర్లేకపోయింది.

పొద్దు వాలేసరికి కట్ట మీద ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ఆటా పాటా అయ్యాక, బతుకమ్మలు ఎత్తుకుని నీళ్ళలోకి దిగే రాళ్ళ మెట్ల మీదికి వచ్చాం. ఆ ఏడు చెరువు నిండి మెట్లు చాలావరకు మునిగాయి. అత్త మోకాళ్ళ లోతుకు దిగింది. రెండు చేతులా బతుకమ్మ ఉన్న తాంబాలం పట్టుకుని ఉంది కాబట్టి, నేను నాది మెట్టు మీద పెట్టి ఆమె మోచేయి పట్టుకున్నాను.

అప్పుడే బోటు వచ్చింది. రాజేశ్వర్ రావు దోస్తులు ఎవరో వస్తే, వాళ్ళకు చెరువులో నుంచి బతుకమ్మను చూపిస్తున్నాడు. మా ఆయన వెనక కూర్చుని ఉన్నాడు, మా వైపు వీపు పెట్టి, రెండు చక్రాల మీద రెండు చేతులతో. ఆడవాళ్ళను చూసి మర్యాదకు మొండయ్య వేగం తగ్గించాడు. "ఆడోళ్ళున్నరు, నిమ్మలంగ" అని మా ఆయన అనడం కూడా నీళ్ళ మీదుగా వినబడింది. ఇంజను చప్పుడు తగ్గింది. ఆయన చేతులు చక్రాలను తిప్పడం చూశాను.

బోటు వెనక భాగం కూలబడి, దాని కింద నుంచి నీళ్ళు లేచాయి. అంత నునుపైన, అంత ఎత్తైన అల ఆ చెరువులో ఎవరూ చూసి ఉండరు. అది బోటును దాటి మా వైపు తిరిగింది. దాన్ని చూస్తూ మా ఆయన కూడా తిరిగాడు. ఆయన చూపు అల మీదే ఉంది, కట్ట మీద లేదు. నోరారా నవ్వుతున్నాడు. పెళ్ళైన కొత్తలో తప్ప ఆ నవ్వు నేను చూడలేదు.

"సూడు సుగుణా, మావోడు" అంది అత్త.

అల వచ్చి మెట్లకు కొట్టింది. బతుకమ్మలు తలకిందులయ్యాయి. పిల్లలు కేకలు పెట్టారు, కొందరు ఆడవాళ్ళు నడుం దాకా తడిసి బోటువాళ్ళను తిట్టారు. నా చేతిలో నుంచి అత్త మోచేయి జారిపోయింది. ఆమె పక్కకు, రాళ్ళ మీదికి పడింది. ఏడవలేదు, అరవలేదు. తాంబాలం మెట్ల మీద దొర్లుతూ పోయి మునిగింది.

రాజేశ్వర్ రావు మనిషి చెడ్డవాడు కాదు. బోటు ఒడ్డుకు తెప్పించి, అత్తను తనే మోసుకొచ్చి జీపులో పడుకోబెట్టాడు. అత్త తల నా ఒడిలో ఉంది. మా ఆయన ముందు సీటులో కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు.

"ఎట్ల పడ్డవే అమ్మా?"

"పాకురు బిడ్డా. రాళ్ళ మీద పాకురు. జారిన."

"అల వచ్చినప్పుడా?"

"అల ఎక్కడిది? అది రాకముందే జారిన." నొప్పితో ఆమె పళ్ళు బిగబట్టింది. నా చేతిని మాత్రం గట్టిగా నొక్కింది.

పెద్ద దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఈ వయసులో అతకదు, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నారు. మా ఆయన మందులకు పోయినప్పుడు అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏం చెప్పిన నేను?"

"అల రాకముందే జారినవని చెప్పినవ్. అబద్ధం గదా అత్తా. నేను నీ చెయ్యి పట్టుకొనే ఉన్న."

"గందుకే చెప్తాన్న. ఆ మాట నీ నోట్లకెళ్ళి రావొద్దు. వాడు ఏడాది సంది ఇయ్యాల నవ్విండు. నువ్వు సూడలేదా? నేను సూసిన. కడుపు నిండ సూసిన. వాని రెక్కలే నన్ను పడగొట్టినయని తెలిస్తె మల్ల ఏ చక్రమన్న ముట్టుకుంటడా వాడు?" నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "ఒట్టెయ్యి."

వేశాను. వేయకుండా ఎట్లా ఉంటాను? నాకూ ఆ గోడ వైపు చూడాలంటే భయమే.

తర్వాత ఇంట్లో పనులు మారిపోయాయి. అత్తకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, నోటికి అన్నం అందించడం. పక్క పుండ్లు పడకుండా ఎంత చూసినా పడ్డాయి. మా ఆయన పొద్దున్నే పనికి పోయేవాడు. మొదటి రోజు పోనని మొండికేస్తే తల్లే తరిమింది. "నన్ను సూసుకుంట కూసుంటె కాలు అతుకుతదార? పో." సాయంత్రం వచ్చి ఆమె పక్కన కూర్చునేవాడు. అడిగిందే అడిగేవాడు.

"ఏ మెట్టు మీద నిలబడ్డవే?"

"మెట్లు లెక్క పెడ్తరార ఎవరన్న?"

"తాంబాలం అప్పటికి ఇడిసిపెట్టినవా, చేతులనే ఉన్నదా?"

"యాదికి లేదు. జర మంచినీళ్ళియ్యి."

ఎన్ని తీర్ల అడిగినా ఆమె ఆ ఒక్క మాట దగ్గరే నిలబడింది. ఊళ్ళోవాళ్ళు పరామర్శకు వచ్చి ఆ బోటును తిడుతుంటే, "బోటును ఎందుకు అంటరు, నా కళ్ళు పోయినయ్, పాకురు సూసుకోలె" అని అడ్డం పడేది. అబద్ధం ఆడీ ఆడీ ఆమెకే నిజమనిపించిందేమోనని నాకు ఒక్కోసారి అనుమానం వచ్చేది.

దీపావళి ముందు రాజేశ్వర్ రావు చూడడానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. కాసేపు అత్త ఆరోగ్యం అడిగి, మాటల్లో పడి సంబరం ఆపుకోలేకపోయాడు.

"ఏమన్న అను వెంకటరాజం, ఆ రోజు లేచిన అల ఉన్నది సూడు! బొంబాయిల సుత నేను గసొంటిది సూడలె. మల్ల రానే లేదు. ఏం చేసినవ్ గప్పుడు?"

నేను చేతిలో ఉన్న చెంబును కింద పెట్టాను. మా ఆయన నేల చూస్తున్నాడు.

"రెండు రెక్కలు ఒక్కపారి ఎత్తిన సార్" అన్నాడు. "స్పీడు తగ్గంగనే ఎత్తిన."

"అట్లనా! రేపు మల్ల ఎత్తు."

"పో బిడ్డా, సారు ఎట్ల చెప్తె అట్ల చెయ్యి" అంది అత్త మంచంలో నుంచి. ఎంత మామూలుగా అందో. రాజేశ్వర్ రావు వెళ్ళాక గోడ వైపు ముఖం తిప్పుకుంది. ఒత్తిగిలాల్సిన వేళ కాదు అది.

మరునాడు మా ఆయన చెరువు నుంచి నడుచుకుంటూ వచ్చాడు, జీపు ఎక్కకుండా. కాళ్ళకు అంతా దుమ్ము. తిన్నగా తల్లి దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాడు.

"ఆ జాగలనే ఎత్తి సూసిన అమ్మా. అట్లనే స్పీడు తగ్గించి, రెండు ఎత్తిన. అల కట్ట దాక పోయింది. మెట్లకు కొట్టింది. నేను దిగిపోయి సూసిన, నువ్వు నిలబడ్డ కాడికి అచ్చింది."

"అస్తె అచ్చింది."

"నేనే లేపిన దాన్ని."

"లేపుతె లేపినవ్. నేను గప్పటికే కింద పడి ఉన్న."

"అమ్మా, ఒక్కపారి నిజం చెప్పు. నిన్నేం అనను. నన్ను తిట్టు. కొట్టు."

"తల్లి మాట మీద నమ్మకం లేదార నీకు?" ఆమె గొంతు పెంచింది. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. ఆయన ఆమె కాళ్ళ మీద తల ఆనించబోయాడు. ఆమె బాగున్న కాలుతో ఆయన్ను నెట్టేసింది. "ఏం పాపం చేసినవని మొక్కుతవ్? లే. పాపం చేసినోళ్ళు మొక్కుతరు."

ఆయన నా వైపు తిరిగాడు. నేను ఆమె దుప్పటి సర్దే పని పెట్టుకున్నాను. అత్త కళ్ళు నన్నే చూస్తున్నాయి.

ఆ తర్వాత ఆయన అడగలేదు. మళ్ళీ గోడ దగ్గర కూర్చోలేదు కూడా. పని పోగొట్టుకోలేదు. బోటు పని లేనప్పుడు జిన్నింగు మిల్లులో మిషన్లు చూసేవాడు. పైకి చూస్తే అంతా బాగున్నట్టే. కాని అన్నం ముందు కూర్చుంటే మెతుకు లోపలికి పోయేది కాదు. కలిపిన ముద్దను అట్లాగే కంచంలో వదిలేవాడు. రాత్రులు ఆయన పక్క మీద కదిలే చప్పుడు నాకు వినబడుతూనే ఉండేది. ఒట్టు తీసి పారేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో చెప్పలేను. అవతలి గదిలో అత్త దగ్గు వినబడేది. నోరు మూసుకునేదాన్ని.

కార్తీకం వచ్చిన వారానికే ఆమెకు ఆయాసం పట్టుకుంది. పోయే ముందు కొడుకునే పిలిచింది. అంతా చెప్తుందనుకున్నాను. ఆయన కూడా అట్లాగే అనుకున్నాడు, ముఖం ముందుకు పెట్టి, చెవి ఆమె నోటి దగ్గర ఆనించాడు.

"బిడ్డా, ఆ రాళ్ళ మీద పాకురు గీకించుమను. ఇంకెవలన్న పడ్తరు" అంది.

అంతే. ఆ మాట మీదే పోయింది. మహాతల్లి, చచ్చేదాకా పట్టు విడవలేదు. నాకు ఆమె మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమా రాలేదు.

కార్తీక పున్నమికి మేము మైలలో ఉన్నాం. వాడకట్టులో అందరి వాకిళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి. మా వాకిలి చీకటిగా ఉంది. సాయంత్రం మొండయ్య వచ్చాడు. పున్నమికి సారు బోటు తిప్పాలనుకున్నాడట, వెంకటరాజం లేకుండా రెక్కలు ఎవరికీ చేతకావడం లేదని మానుకున్నాడట. దినాలు అయ్యాక నిమ్మలంగా రమ్మన్నాడని చెప్పి పోయాడు.

మా ఆయన వాకిట్లో గడప మీద కూర్చున్నాడు. నేను కంచం తెచ్చి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. తల ఎత్తాడు.

"నువ్వు అమ్మ చెయ్యి పట్టుకొనే ఉన్నవ్ గదా" అన్నాడు.

నేను కంచం ఆయన దగ్గరికి జరిపాను.

"ఆమె ముందుగాల జారిందా, అల ముందుగాల అచ్చిందా?"

ఒట్టు గుర్తుంది నాకు. కాని ఆ ఒట్టు పెట్టించుకున్న తల కాలిపోయింది. నా ముందు ఉన్నది ఈ మనిషి, ఇన్ని రోజులుగా కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేని మనిషి. నిజం చెప్తే బరువు దిగుతుందనుకున్నాను. అడుగుతున్నాడు కదా, అదే కావాలి కదా అనుకున్నాను.

"అల అచ్చినంకనే పడ్డది. అలకే పడ్డది" అన్నాను. "పడేముందు నువ్వు నవ్వుడు సూసింది. మావోడు అని నాకు సూపించింది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది."

ఆయన నా వైపు చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో.

"గిప్పుడు చెప్తాన్నవా సుగుణా" అన్నాడు. "ఆమె ఉన్నప్పుడు చెప్పకపోతివి. గిప్పుడు ఎవల కాళ్ళు పట్టుకోవాలె నేను?"

ఆయన పక్కన గడప మీద కూర్చున్నాను. వీధిలో ఆడపిల్లలు దీపాలు పట్టుకుని చెరువుకు పోతూ, మా ఇంటి ముందుకు రాగానే మాటలు తగ్గించి నడిచారు. దినాలు అయిన మరునాడే ఆయన పనికి పోయాడు, అత్త కోరినట్టే. అన్నం మాత్రం చాలా ఏళ్ళ దాకా, నేను పెడితే తినేవాడు, అడిగి తినలేదు.